పాత 5.1 సెట్టు తీసి కొత్త ఏవీ రిసీవర్ పెట్టేముందు వైర్ల చివర ఏముందో చూడండి

మీ ప్రశ్నలు నాలుగు. పన్నెండేళ్ల క్రితం ఒకే అట్టపెట్టెలో వచ్చిన 5.1 సెట్టు ఉంది: ఐదు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, డీవీడీ ప్లేయర్‌తో కలిసిపోయిన యాంప్లిఫయర్. ఇప్పుడు 55 అంగుళాల 4కే టీవీ, పీఎస్5 కొన్నారు. ఫైర్ స్టిక్, డీటీహెచ్ బాక్స్ ముందే ఉన్నాయి. ఆ స్పీకర్లు ఉంచుకుని రిసీవర్ ఒక్కటే మార్చవచ్చా? అమెరికా నుంచి మీ అన్నయ్య తెస్తానంటున్న రిసీవర్ తెప్పించుకోవచ్చా? ఎన్ని వాట్లు కావాలి? వెనక డైనింగ్ తెరిచి ఉన్న 12×14 అడుగుల హాల్లో అట్మాస్ (నెత్తిమీద నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) పనిచేస్తుందా?

ముందు జవాబులు చెప్పేస్తాను. పాత స్పీకర్లు కొత్త రిసీవర్‌కు పెట్టకండి. అమెరికా రిసీవర్ తెప్పించుకోకండి. నిజమైన 80 వాట్లు మీకు సరిపోతాయి. అట్మాస్ వస్తుంది, కాకపోతే దాని వైర్లు మీరు వేయిస్తున్న ఫాల్స్ సీలింగ్ మూసేలోపే లాగాలి. కారణాలు తెలిస్తే దుకాణంలో ఎవరు ఏం చెప్పినా మీరే తేల్చుకోగలరు కాబట్టి ఒక్కొక్కటిగా చెబుతాను.

రిసీవర్ అంటే రైల్వే జంక్షన్ లాంటిది. ఒకవైపు నుంచి టీవీ, గేమ్ బాక్స్, స్టిక్ వస్తాయి, రెండోవైపు స్పీకర్లకు లైన్లు పోతాయి. జంక్షన్ ఎంత కొత్తగా కట్టినా ఇటు అటు పట్టాలు కలవకపోతే బండి కదలదు. అందుకే మోడల్ ఎంచుకోవడం ఆఖరి పని.

పాత స్పీకర్లతో మొదలుపెడదాం. స్పీకర్ వెనక అతికించిన చీటీ చూడండి. అన్నీ కలిపి అమ్మిన ఇలాంటి సెట్లలో చాలావాటికి 3 ఓమ్‌లు అని ఉంటుంది, కొన్నిటికి 4 ఉంటుంది. విడిగా అమ్మే రిసీవర్లను 6 నుంచి 8 ఓమ్‌ల స్పీకర్ల కోసం తయారుచేస్తారు, కొన్ని 4 ఓమ్‌ల దాకా ఒప్పుకుంటాయి. తేడా లెక్కలో చూడండి. వాల్యూమ్ ఒక స్థాయిలో ఉన్నప్పుడు రిసీవర్ 20 వోల్టులు ఇస్తోందనుకుందాం. 8 ఓమ్‌ల స్పీకర్ 2.5 ఆంపియర్లు లాగుతుంది, అంటే 50 వాట్లు. అదే 20 వోల్టుల దగ్గర 3 ఓమ్‌ల స్పీకర్ 6.7 ఆంపియర్లు, 133 వాట్లు లాగుతుంది. ఐదు చానళ్లూ ఇలా లాగితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాగిపోతాయి, రిసీవర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. తక్కువ వాల్యూమ్‌లో బాగానే పాడినట్టుండి పండగరోజు ఇంటినిండా జనం ఉన్నప్పుడు, ఏ ఫైట్ సీన్ మధ్యలోనో టక్కున ఆగేది ఇందుకే. చీటీ చిరిగిపోతే మల్టీమీటర్‌తో కొలవండి: 8 ఓమ్‌ల స్పీకర్ సుమారు 6 చూపిస్తుంది, 3 ఓమ్‌లది 2.5 దగ్గర చూపిస్తుంది.

సబ్‌వూఫర్ సంగతి ఇంకా తేలిక. మీ పాత సబ్‌కు కరెంటు ప్లగ్గు లేదు, రెండు పోగుల స్పీకర్ వైరు ఒక్కటే ఉంది. అంటే దానిలో యాంప్ లేదు. కొత్త రిసీవర్ వెనక సబ్‌వూఫర్ అని రాసి ఉన్న ఆర్‌సీఏ రంధ్రంలోంచి వచ్చేది ఒకటి రెండు వోల్టుల సిగ్నల్ మాత్రమే, దానితో కోన్ కదలదు. సొంత యాంప్ ఉన్న సబ్ కావాలి. పాతదాన్ని ఫ్రంట్ స్పీకర్ టెర్మినల్‌కు కలిపేసే మెకానిక్కులు ఉన్నారు, ఒప్పుకోకండి. పాటలు, డైలాగులు కూడా సబ్‌లోంచి గుయ్‌మంటూ వస్తాయి, లోడు మళ్లీ పైన చెప్పిన 3 ఓమ్‌ల బాపతే.

ఆ పాత సెట్టును యథాతథంగా పడకగదికి మార్చుకోండి. టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి డాల్బీ డిజిటల్ 5.1 తీసుకుని అది ఇంకా కొన్నేళ్లు పనిచేస్తుంది. ఆప్టికల్ తీగలో డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనే శబ్ద పద్ధతులు పోతాయి. వాటి తర్వాతి తరానివైన డాల్బీ డిజిటల్ ప్లస్, ట్రూహెచ్‌డీ పోవు.

ఇక అమెరికా రిసీవర్. అక్కడ అమ్మే మోడళ్లలో దాదాపు అన్నిటి వెనకా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటుంది. లాప్‌టాప్ చార్జర్‌లా 100 నుంచి 240 వోల్టుల దాకా ఏదైనా తీసుకునే రకం కాదు, లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. పిన్ను మార్చి మన 230 వోల్టుల్లో పెడితే ఆ క్షణంలోనే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, కాదనను. అయితే వోల్టేజీ దిగుతుంది గాని ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌గానే ఉంటుంది. 60 హెర్ట్జ్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 50 హెర్ట్జ్‌లో అదే 120 వోల్టులు ఇస్తే కోర్‌లో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. కొన్ని దీన్ని తట్టుకుంటాయి, కొన్ని గుయ్‌మంటాయి, వేడెక్కుతాయి. ఇప్పటికే తెచ్చేసుకున్నవాళ్లకు నా సలహా ఇది: 120 కాకుండా 110 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నది, కనీసం 1000 వీఏ ఉన్న రాగి వైండింగ్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. విమానాశ్రయాల్లో హెయిర్ డ్రైయర్ల కోసం అమ్మే చేతిలో పట్టేంత తేలికపాటి కన్వర్టర్ వాడితే రిసీవర్ పోయినట్టే. పైగా అమెరికాలో కొన్నదానికి ఇక్కడి సర్వీస్ సెంటర్ వారంటీ ఇవ్వదు. 8-10 కిలోల పెట్టె మోసుకొచ్చి, దానికింకో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కొని, వారంటీ కూడా పోగొట్టుకుంటే ధరలో మిగిలిందేమీ ఉండదు.

మీ అన్నయ్య చేత తెప్పించుకోదగినది ఒకటుంది: యూఎస్‌బీతో లాప్‌టాప్‌కు కలిపే మెజర్‌మెంట్ మైకు. మినీడీఎస్పీ వాళ్ల యూమిక్-1 లాంటిది. అరచేతిలో పడుతుంది, వోల్టేజీ గొడవ లేదు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో కలిపితే గదిలో బేస్ ఎక్కడ పొంగుతోందో, ఎక్కడ మాయమవుతోందో గీత గీసి చూపిస్తుంది.

వాట్ల విషయంలో మన మార్కెట్టు చాలా ఏళ్లు పీఎంపీవో అంకెలతో, అంటే క్షణకాలపు గరిష్ఠాన్ని పెంచి రాసిన వాట్లతో నడిచింది. ఇప్పటికీ ఆ ఛాయలు పోలేదు. ఒకే రిసీవర్‌కు ఒక వరుసలో 80 వాట్లని, ఇంకో వరుసలో దానికి దాదాపు రెట్టింపు రాసి ఉంటుంది. రెండూ అబద్ధం కాదు, కొలిచిన పద్ధతి వేరు. చూడాల్సింది 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానళ్లు నడుస్తుండగా, 0.1 శాతం లోపు వక్రీకరణతో అని రాసిన వరుస. 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, ఒక్క చానల్, 10 శాతం వక్రీకరణ అని ఉంటే ఆ అంకె పక్కన పెట్టండి. 10 శాతం అంటే చెవికి పగిలినట్టే వినపడుతుంది.

మీ హాలుకు ఎంత కావాలో లెక్క వేద్దాం. 87 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 87 ఇస్తుంది. సోఫా 3.2 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి సుమారు 10 తగ్గి 77 అవుతుంది (మూసిన గదిలో తగ్గేది ఇంకాస్త తక్కువే). 80 వాట్లకు 19 డెసిబెల్ కలుపుకుంటే 96. ఇప్పుడు 80 బదులు 160 వాట్ల రిసీవర్ కొన్నారనుకోండి, పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. అదే 3 డెసిబెల్ 90 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ కొంటే ఊరికే వస్తుంది. అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్లు తలుపు కొట్టకుండా వినే స్థాయిలో పెద్ద శబ్దాలు 90 డెసిబెల్ దాటవు, దానికి 20 వాట్లు చాలు. కాబట్టి వాట్ల కోసం పై మోడల్‌కు పోకండి. ఆ డబ్బు ఫ్రంట్ స్పీకర్ల మీద పెట్టండి. మొత్తం బడ్జెట్‌లో రిసీవర్ వాటా 35 శాతం దాటిందంటే స్పీకర్లలోనో సబ్‌లోనో కోత పడినట్టే.

ఇప్పుడు జంక్షన్‌లోకి వచ్చే వైపు పట్టాలు, హెచ్‌డీఎంఐ. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాతకాలపు రిసీవర్ ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి. 4కే దానిలోంచి సెకనుకు 30 ఫ్రేములకే పరిమితం, హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా కాపాడే తాళం) లేకపోతే ఓటీటీ యాప్‌లు 4కే బొమ్మ ఇవ్వవు. హెచ్‌డీఎంఐ 2.0 అంటే సెకనుకు 18 గిగాబిట్లు, సినిమాలకు, ఓటీటీకి నిండుగా సరిపోతుంది. పీఎస్5లో 4కే 120 హెర్ట్జ్ ఆడాలంటేనే హెచ్‌డీఎంఐ 2.1 కావాలి. 2020లో వచ్చిన తొలితరం 2.1 రిసీవర్లలో కొన్నిటికి చిప్పు లోపం వల్ల 4కే 120 దగ్గర తెర నల్లబడేది. ఆ ఏడాది మోడల్ తగ్గింపు ధరకు కనిపిస్తే ఆ లోపం సరిచేసిన బ్యాచ్ అవునో కాదో రాతపూర్వకంగా అడగండి.

పీఎస్5ను రిసీవర్‌కే కలపాలన్న నియమం ఏమీ లేదు. టీవీకి నేరుగా కలిపి, శబ్దాన్ని ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే తిప్పి పంపే ఆర్క్ ఏర్పాటుకు మెరుగైన రూపం) ద్వారా రిసీవర్‌కు వెనక్కి పంపవచ్చు. అలా చేస్తే రిసీవర్‌కు 2.1 లేకపోయినా గేమ్ 120లో నడుస్తుంది. ఇక్కడ మీ టీవీ పోర్టులు చూసుకోవాలి. కొన్ని టీవీల్లో 4కే 120 తీసుకునే పోర్టులు రెండే ఉంటాయి, ఆ రెండింట్లో ఒకటి ఈఆర్క్ పోర్టే అయి ఉంటుంది. దాన్ని రిసీవర్ తీసేసుకుంటే మిగిలేది ఒక్కటి. మీకు ఒక గేమ్ బాక్సే ఉంది కాబట్టి సరిపోతుంది.

ఆర్క్, ఈఆర్క్ తేడా గురించి అనవసరమైన భయం ఉంది. ఓటీటీలో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తుంది, అది మామూలు ఆర్క్‌లో కూడా పోతుంది. బ్లూరేలోని ట్రూహెచ్‌డీ అట్మాస్‌కు, గేమ్ బాక్సు ఇచ్చే ఐదు, ఏడు చానళ్ల పీసీఎం (కుదించని) శబ్దానికి ఈఆర్క్ తప్పనిసరి. మీకు పీఎస్5 ఉంది కనుక ఈఆర్క్ ఉన్నదే తీసుకోండి.

టీవీ యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెట్టి సినిమాలు చూసే అలవాటుంటే ఒక హెచ్చరిక. 2018 నుంచి వచ్చిన సామ్‌సంగ్ టీవీలు, 2020 నుంచి 2022 దాకా వచ్చిన ఎల్‌జీ టీవీలు డీటీఎస్ ఆడియో ఉన్న ఫైళ్లకు శబ్దం ఇవ్వవు. రిసీవర్‌లో డీటీఎస్ ఉన్నా టీవీ దాటించదు కాబట్టి నిశ్శబ్దమే. రిసీవర్ పాడైందని సర్వీస్‌కు పట్టుకెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ ఫైళ్లు రిసీవర్‌కు నేరుగా కలిపిన మీడియా ప్లేయర్లో వేస్తే డీటీఎస్ నిక్షేపంగా వస్తుంది.

ఏ తరగతి రిసీవర్ అంటే: ఏడు చానళ్ల యాంప్, అట్మాస్, దానిలాంటిదే అయిన డీటీఎస్ ఎక్స్, ఈఆర్క్, సబ్‌కు ప్రీ అవుట్ (పైన చెప్పిన సిగ్నల్ రంధ్రం), ఒకటి కన్నా ఎక్కువ చోట్ల మైకు పెట్టి కొలిచి గదికి తగ్గట్టు ధ్వనిని సరిదిద్దే రూమ్ కరెక్షన్. ఇవన్నీ ఉండి 8 ఓమ్‌లకు 80 వాట్లు రాసిన డెనాన్ ఎక్స్1800హెచ్ మీ అవసరానికి సరిగ్గా సరిపోయే స్థాయి. ఆరు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లలో మూడు 4కే 120 తీసుకుంటాయి. యమహాలో చూస్తే ఆర్ఎక్స్-వీ6ఏ ఈ కోవలోకి వస్తుంది. దాని తమ్ముడు ఆర్ఎక్స్-వీ4ఏ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గాని ఐదు చానళ్లే, అట్మాస్ లేదు. కొత్త మోడల్ అయినంత మాత్రాన అట్మాస్ ఉంటుందనుకోకూడదని ఇదే ఉదాహరణ. తొమ్మిది చానళ్ల డెనాన్ ఎక్స్3800హెచ్ గొప్ప యంత్రం, దానిలోని ఎక్స్‌టీ32 రూమ్ కరెక్షన్ బేస్ దగ్గర స్పష్టంగా మెరుగు. కానీ ఈ హాల్లో తొమ్మిది స్పీకర్లు పెట్టే చోటు లేదు.

మీ ఏడు చానళ్లను 7.1గా (ఏడూ చుట్టూ) కాక 5.1.2గా (ఐదు చుట్టూ, రెండు పైన) వాడండి. సోఫా వెనక డైనింగ్ తెరిచి ఉంది, వెనక రెండు స్పీకర్లు స్టాండ్ల మీద పెడితే అన్నానికి వచ్చీపోయేవాళ్ల కాళ్లకు తగులుతాయి. ఆ రెండు చానళ్లు నెత్తిమీదకు పంపడమే మేలు. ముందు రెండు స్పీకర్ల మధ్య 8 నుంచి 9 అడుగులు. సరౌండ్‌లు, అంటే పక్కల పెట్టే రెండూ, చెవికి కాస్త వెనకగా, టీవీ వైపు సున్నా అనుకుంటే 110 డిగ్రీల దగ్గర, కూర్చున్న చెవి కన్నా ఒక అడుగు ఎత్తులో. పైన రెండూ 9 అడుగుల ఫాల్స్ సీలింగ్‌లో, తలకు నిట్టనిలువుగా కాకుండా ఒక అడుగు నుంచి రెండున్నర అడుగులు ముందుకు, ముందు స్పీకర్ల వరుసలోనే. జిప్సం బోర్డు ఒక్కదాని మీదే బరువు మోపకండి, ప్రతి స్పీకర్‌కూ స్లాబ్‌కు కొట్టిన హుక్కు నుంచి చిన్న గొలుసు వేయించండి.

పైకి శబ్దం కొట్టి సీలింగ్ నుంచి తిప్పి పంపే అప్‌ఫైరింగ్ స్పీకర్లను అమ్మేవాళ్లు గట్టిగా సిఫారసు చేస్తారు. మన ఇళ్లలో అవి తరచుగా దెబ్బతినేది ఫ్యాను వల్ల, అంచుల్లో మెట్లు మెట్లుగా దిగిన డిజైన్ సీలింగ్ వల్ల. చదునైన, ఖాళీగా ఉన్న సీలింగ్ దొరికితేనే ఆ శబ్దం సరిగ్గా సోఫా మీద పడుతుంది. మీ హాలు మధ్యలో ఫ్యాను ఉంది, వాటిని వదిలేయండి.

వైరు కొలతలు: ముందు మూడింటికి తలా 4 మీటర్లు, సరౌండ్‌లు రెండింటికి తలా 12, పైవాటికి తలా 12. మొత్తం 60, మిగులు కోసం 65 తీసుకోండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల స్వచ్ఛమైన రాగి, అంటే దాదాపు 16 గేజ్. 12 మీటర్లు పోయి రావడానికి దాని నిరోధం సుమారు 0.29 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 5 శాతం, అంటే 0.4 ఓమ్ దాకా ఫరవాలేదు. స్పీకర్ వైరని పారదర్శకంగా మెరుస్తూ అమ్మేదానిలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు, వంచితే విరుగుతుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీరండి, లోపల తెల్లగా కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. గోడలో కరెంటు వైర్లున్న పైపులోనే స్పీకర్ వైరు లాగనివ్వకండి, వేరే పైపు వేయించండి.

4 మిల్లీమీటర్ల బనానా ప్లగ్గులు 24 కావాలి, సీలింగ్ స్పీకర్లకు స్పీకర్ చివర నొక్కుడు క్లిప్పులే ఉంటాయి. రిసీవర్ వెనక రంధ్రాలు మూసుకుపోయి కనిపిస్తే కంగారుపడకండి, ఎరుపు, నలుపు ప్లాస్టిక్ బిరడాలు ఉంటాయి, సూదితో లాగితే వచ్చేస్తాయి.

హెచ్‌డీఎంఐ తీగ 3 మీటర్ల లోపు ఉండేలా రిసీవర్‌ను టీవీ కిందే పెట్టండి. పీఎస్5కు అల్ట్రా హై స్పీడ్ అని ముద్ర, స్కాన్ చేసే చీటీ ఉన్నది తీసుకోండి. అంతకంటే పొడవు కావాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ. అది ఒకవైపే పనిచేస్తుంది, సోర్సు వైపు, డిస్‌ప్లే వైపు అని రాసి ఉంటుంది, తిరగేసి గోడలో పూడ్చేస్తే మళ్లీ పగలగొట్టాలి. ఈఆర్క్ కూడా పంపుతుందో లేదో చూసే కొనండి.

బిగించే రోజు క్రమం ముఖ్యం. రిసీవర్ ప్లగ్గు పెట్టకుండానే స్పీకర్ వైర్లన్నీ కలపండి, ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కు తగలకూడదు. ప్రతి వైరుకూ రెండు చివర్లా పేరు రాసిన చీటీ అంటించండి. ఆ తర్వాత హెచ్‌డీఎంఐలు, చివరికి కరెంటు. వెంటనే ఇంటర్నెట్‌కు కలిపి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మార్చాల్సి రావచ్చు కాబట్టి కోతలున్న వేళ మొదలుపెట్టకండి, ఇన్వర్టర్ లైను మీద చేయండి. ఆ ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమై ఉండాలి, స్క్వేర్ వేవ్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది.

టీవీలో రెండు సెట్టింగులు మర్చిపోతే సగం లాభం పోతుంది. ఒకటి, రిసీవర్ ఉన్న పోర్టుకు పూర్తి సిగ్నల్ అనుమతించడం. సామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్. రిసీవర్ మెనూలో కూడా 4కే సిగ్నల్ ఫార్మాట్ అనేది మామూలు స్థాయిలో ఉండిపోతే హెచ్‌డీఆర్ రాదు. రెండు, డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్‌ను పీసీఎం నుంచి ఆటో లేదా పాస్‌త్రూకు మార్చి ఈఆర్క్, సీఈసీ (హెచ్‌డీఎంఐ పరికరాలు ఒకదాన్నొకటి నడిపే ఏర్పాటు) ఆన్ చేయడం. పీసీఎంలో వదిలేస్తే చాలా టీవీలు రెండు చానళ్లే పంపుతాయి, కొత్త రిసీవర్ తెర మీద స్టీరియో అని కనిపిస్తూనే ఉంటుంది.

రిసీవర్‌ను తలుపులున్న టీవీ యూనిట్ గూట్లో పెట్టకండి. పైన కనీసం 15 సెంటీమీటర్లు, పక్కల 10 ఖాళీ ఉండాలి. పైన లేసు గుడ్డ కప్పడం, సెట్‌టాప్ బాక్స్ పేర్చడం వద్దు. మే నెల్లో గది 38 డిగ్రీలున్నప్పుడు మూసిన గూట్లో కెపాసిటర్ల ఆయుష్షు కరిగిపోతూ ఉంటుంది.

ఇప్పుడు రిసీవర్‌తో పాటు వచ్చే మైకుతో గది కొలత. ఎంత మంచి రిసీవర్ అయినా ఇక్కడ తొందరపడితే పాత సెట్టే నయమనిపిస్తుంది. రాత్రి పదిన్నర తర్వాత చేయండి. ఫ్యాను, ఏసీ ఆపండి, కుక్కర్ వంటలు అయిపోవాలి. సబ్ వెనక క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింది శబ్దం సబ్‌కు పోవాలో తేల్చే) నాబ్ గరిష్ఠానికి, ఫేజ్ సున్నాకు, వాల్యూమ్ సగానికి. మైకును కెమెరా ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో, పైకి చూసేలా పెట్టండి. దిండ్ల మీద, చేత్తో పట్టుకుని చేయకూడదు. సోఫా వీపు ఎత్తుగా ఉంటే మైకు దానికన్నా కాస్త పైన ఉండాలి, లేకపోతే సరౌండ్ శబ్దం మైకును చేరదు. దూరాలు, మట్టాలు మొదటి చోటు నుంచే తీసుకుంటుంది కాబట్టి అది మీరు కూర్చునే చోటే కావాలి. మిగతావి దాని చుట్టూ అర మీటరు లోపు. సోఫా ఆ చివర, ఈ చివర, డైనింగ్ కుర్చీ దగ్గర కొలిస్తే అన్నిటి సగటు తీసి ఎవరికీ నచ్చని ధ్వని ఇస్తుంది.

ఫలితాల్లో సబ్ దూరం టేపు కొలత కన్నా ఒకటి రెండు మీటర్లు ఎక్కువ చూపిస్తే దిద్దకండి. సబ్ లోపలి సర్క్యూట్ వల్ల కలిగే ఆలస్యాన్ని రిసీవర్ దూరంగా మార్చి చెబుతోంది, అది సరైనదే. ముందు స్పీకర్లను రిసీవర్ లార్జ్ (బేస్ అంతా తామే ఇచ్చేవి) అని రాస్తే స్మాల్ (బేస్ సబ్‌కు వదిలేవి) చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి. చిన్న సరౌండ్‌లకు, పైవాటికి 100 నుంచి 120. రిసీవర్ 110 అని తేలిస్తే దాన్ని 80కి దించకూడదు, పెంచడానికి అభ్యంతరం లేదు. స్పీకర్ ఇవ్వలేని బేస్‌ను బలవంతంగా దాని మీద పెడితే పగులుతుంది. ఎల్ఎఫ్ఈకి, అంటే సినిమాలో సబ్ కోసమే ఉండే బేస్ చానల్‌కు, 120 ఉంచండి. రిసీవర్ పెట్టిన సబ్ మట్టం (ట్రిమ్) మైనస్ 12కు తగిలి ఆగిపోతే సబ్ నాబ్ తగ్గించి మళ్లీ కొలవండి.

కొలిచాక బేస్ గుబగుబలాడుతూ ఉంటే సబ్ చోటు మార్చాలి. సబ్‌ను సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, ఒక బేస్ పాట వేసి, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ఎక్కడ బేస్ బిగువుగా, సమంగా వినపడుతుందో అక్కడ సబ్ పెట్టండి. హాలు, డైనింగ్ కలిపి మీకు 2,900 ఘనపుటడుగుల గాలి ఉంది, తలుపు లేదు కాబట్టి సబ్ ఆ మొత్తాన్నీ కదిలించాలి. 8 అంగుళాలది చాలదు, 12 అంగుళాలది తీసుకోండి.

తెలుగు సినిమా చూసే ఇంట్లో మొదటి ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: నేపథ్య సంగీతం ఇల్లు అదరగొడుతుంది, మాటలు వినపడవు. మాటలు దాదాపు పూర్తిగా సెంటర్‌లోంచే వస్తాయి. సెంటర్ స్పీకర్‌ను గూటి లోపలికి నెట్టకుండా అంచు దాకా లాగండి, కింద రబ్బరు ముక్క పెట్టి ముఖం చెవివైపు ఎత్తండి. ఆ తర్వాత సెంటర్ మట్టం 2 డెసిబెల్ పెంచండి, మూడు దాటవద్దు. రాత్రిపూట డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించేది) మధ్యస్థంగా పెట్టండి. ఇవి చేసినా మాటలు ముద్దగా ఉంటే తప్పు గదిది. వెట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడలు, గాజు కిటికీ ఉన్న హాల్లో ప్రతి అక్షరం రెండుసార్లు వినపడుతుంది. సోఫాకు, టీవీకి మధ్య 6×8 అడుగుల మందపాటి తివాచీ, కిటికీకి బరువైన కర్టెన్ వేయండి. వెయ్యి మెనూలు మార్చినా రాని స్పష్టత వస్తుంది. పాటలు వినేటప్పుడు మాత్రం స్టీరియోలోనే వినండి.

రెండు గొడవలు తరచూ వస్తాయి. ఒకటి, ఆన్ చేయగానే ఎర్రలైటు మిణుకుమని ఆగిపోవడం. ప్లగ్గు తీసి స్పీకర్ వైర్లన్నీ ఊడదీసి మళ్లీ ఆన్ చేయండి. అప్పుడూ ఆగితే లోపం లోపలే ఉంది, సర్వీస్‌కు ఇవ్వాలి. ఆగకపోతే ఒక్కో వైరు కలుపుతూ పోండి, దేనితో ఆగిందో దానిలోనే షార్ట్ ఉంది. కలిపే ప్రతిసారీ ప్లగ్గు తీయాలి. రెండోది, సబ్‌లోంచి ఎడతెగని 50 హెర్ట్జ్ హమ్. డీటీహెచ్ డిష్ నుంచి వచ్చే కేబుల్‌ను బాక్సు నుంచి విప్పండి. హమ్ ఆగితే దారి దొరికినట్టే: డిష్ వైపు ఎర్త్‌కు, సబ్ మూడు పిన్నుల ఎర్త్‌కు మధ్య లూపు ఏర్పడింది. అన్నిటినీ ఒకే స్పైక్ గార్డు మీదకు తెస్తే చాలాసార్లు పోతుంది, లేకపోతే ఆ కేబుల్‌లో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టించండి. సబ్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే పోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. హమ్ పోవచ్చు, లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్నరోజు పిల్లలు ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

డబ్బు ఒక్కసారిగా కుదరకపోతే ఇలా విడదీసుకోండి. మొదట రిసీవర్, ముందు రెండు స్పీకర్లు, సెంటర్. వీటితోనే మాటలు, పాటలు ఈ రోజున్నదానికంటే ఎంతో బాగుంటాయి. రెండు మూడు నెలల తర్వాత సబ్. ఆపైన సరౌండ్‌లు, చివరికి పైవి. స్పీకర్ చేరినప్పుడల్లా మైకు కొలత మొదటినుంచీ మళ్లీ చేయాలి. స్పీకర్లు ఎప్పుడు కొన్నా సరే, సీలింగ్ పనివాళ్లు బోర్డులు మూసే ముందు పైన రెండుచోట్లకీ పైపులు, వైర్లు వేయించి, చివర్లు ఒక మీటరు మిగులుతో చుట్టి, స్లాబ్ నుంచి, గోడ నుంచి వాటి దూరం టేపుతో కొలిచి ఫొటో తీసి పెట్టుకోండి.